కిటికీ పక్కన మంచం

మా ప్రొఫెసరు గారు వార్డులోకి రాగానే రోగి మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించేవారు. ట్యూబులైటు వెలుగులో కామెర్లు సరిగా కనిపించవు, పగటి వెలుతురు కావాలి అనేవారు. తర్వాత రోగి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గోళ్లు, వేలి కణుపులు, అరచేతి గీతలు చూసి, అక్కడి నుంచి మెడకు, కనురెప్పలకు, నాలుకకు వెళ్లేవారు. కేసు షీటు తెరిచేది ఆ తర్వాతే. మన ఊళ్లలో డాక్టరు ఎదుట కూర్చుని ‘చేయి చూడండి’ అంటే నాడి చూడమని. చేతిని నిజంగానే చూసే ఈ విద్య మాత్రం వార్డుల్లో రోజురోజుకూ తగ్గిపోతోంది. స్కానింగు కాగితం ముందు రోగి వేలికొస చిన్నబోయింది.

ఇది చాలా పాత విద్య. ఊపిరితిత్తుల చుట్టూ చీము పట్టినవారి గోళ్లు వంగిపోతాయని సుమారు 2,400 ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లోనే కనిపిస్తుంది. వేలికొసలు ఉబ్బి డోలుపుల్లల్లా తయారయ్యే ఆ మార్పును ఇప్పుడు క్లబ్బింగ్ అంటాం. దాన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రెండు చేతుల ఒకే వేళ్లను గోరుకు గోరు ఆనేలా, వేళ్ల వెనకవైపులు కలిపి వెలుతురుకెదురుగా పట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవారికి గోళ్ల మొదళ్ల దగ్గర వజ్రం ఆకారంలో చిన్న సందు కనిపిస్తుంది. క్లబ్బింగ్ ఉంటే ఆ సందు మూసుకుపోతుంది. ఈ పరీక్షను 1976లో రాసిపెట్టినవాడు దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్రాత్. తన గుండెకే ఇన్ఫెక్షన్ సోకి, తన వేళ్లలోనే ఈ మార్పు వస్తుంటే ఆయన గమనించాడు. మంచాన పడి ఉండి కూడా తన చేతిని పాఠంగా చదువుకున్న ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవంతో తల వంగుతుంది.

బీడీలు, సిగరెట్లు తాగేవారికి వచ్చే మామూలు దగ్గు, ఆయాసం వల్ల క్లబ్బింగ్ రాదు. కాబట్టి పొగతాగే మనిషి వేలికొసలు కొత్తగా ఉబ్బాయంటే ఊపిరితిత్తుల క్యాన్సరుందేమో వెంటనే వెతకాలి. పుట్టుకతో నీలిరంగు తెచ్చే గుండెజబ్బుల్లోనూ, కాలేయం గట్టిపడిన కొందరిలోనూ ఇది కనిపిస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఏ జబ్బూ లేకుండానే తరతరాలుగా వస్తుంది. అందుకే ‘ఎప్పటి నుంచి ఇలా ఉంది?’ అని రోగిని తప్పనిసరిగా అడగాలి.

గోరు ఒక డైరీ కూడా. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెద్ద జ్వరమో, ఆపరేషనో ఒంటిని కుదిపేసినప్పుడు ఆ పెరుగుదల కొన్నాళ్లు మందగించి, గోటి మీద అడ్డంగా గాడి పడుతుంది. ఫ్రెంచి వైద్యుడు బో 1846లో దీన్ని వర్ణించాడు. గోటి మొదలు నుంచి గాడి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, ఆ మనిషి దాదాపు రెండు నెలల కిందట గట్టిగా జబ్బుపడ్డాడన్నమాట. జుట్టు కూడా ఇలాగే ఆలస్యంగా కబురు చెబుతుంది. డెంగీ, టైఫాయిడ్ తగ్గాక, కాన్పు అయ్యాక రెండు మూడు నెలలకు దువ్వెన నిండా వెంట్రుకలు వస్తాయి. అప్పుడు నూనెలు మార్చనక్కర్లేదు. చాలామందికి ఆ జుట్టు తిరిగి మొలుస్తుంది.

గోరు చెంచాలా గుంటపడి, మీద వేసిన నీటిచుక్క జారకుండా నిలిస్తే ఇనుము లోపం ఉందేమో చూడాలి. అలాంటి ఆడపిల్లను బలపాలు, పచ్చిబియ్యం, మట్టి తినాలనిపిస్తోందా అని మెల్లగా అడగండి. చాలాసార్లు తల దించుకుని అవునంటుంది. ఆ కోరికకూ మూలం చాలావరకు ఆ లోపమే. తిట్టి మాన్పించే సంగతి కాదు.

మన పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్లవారి ఒంటి మీదివి. అక్కడ ఎర్రమచ్చ అని ఉన్నది మన చర్మం మీద ఊదాగానో ముదురు గోధుమరంగుగానో ఉంటుంది. రక్తహీనతను మనవాళ్ల బుగ్గల్లో వెతికితే దొరకదు. కింది కనురెప్ప లోపల, నాలుక మీద, అరచేతి గీతల్లో వెతకాలి. వేలి కణుపులు నల్లబడితే బి12 విటమిన్ లోపం గుర్తుకు రావాలి. అరచేతి గీతలతో పాటు చిగుళ్లు కూడా నల్లబడితే, లండన్‌లో థామస్ ఆడిసన్ 1855లో వర్ణించిన అడ్రినల్ గ్రంథుల జబ్బు గుర్తుకు రావాలి. ఆ గ్రంథులను క్షయ తినేయడం మన దేశంలో ఇంకా ఉంది.

మెడ విషయంలో నాకు బాధ ఎక్కువ. పిల్లల మెడ వెనక మఖమల్‌లా మందంగా నల్లబడితే మురికనుకుని తల్లులు సున్నిపిండి పెట్టి, రాయి పెట్టి తోముతారు. అది మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం చెబుతున్న మాట. మధుమేహం రాకముందే, బరువు, తిండి, ఆట చక్కదిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉండగానే చెబుతుంది. పెద్దవయసులో, సన్నగా ఉన్న మనిషికి అదే నలుపు హఠాత్తుగా పాకిపోతే మాత్రం కడుపులో క్యాన్సరు లేదని తేల్చుకోవాలి.

మెడ మీదే మన నేలకు సంబంధించిన మరో కథ రాసి ఉంది. స్పెయిన్ వైద్యుడు గాస్పార్ కాసల్ 1735లో పేద రైతుల మెడ చుట్టూ హారంలా కమిలిన చర్మం చూశాడు. వాళ్ల తిండి మొక్కజొన్న. ఆ జబ్బు పెల్లాగ్రా. దక్కన్‌లో అదే హారం జొన్న తప్ప మరో తిండి ఎరగని పేదల మెడల్లో కనిపించింది. ఎండ తగిలే మెడ, ముంజేతులు, పాదాలు కాలినట్టు నల్లబడి పొలుసులూడతాయి. ఆపై విరేచనాలు, మతి తప్పడం. హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీని వెంటపడి, జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ కారణం మీద తర్వాత వాదాలు నడిచాయి. చికిత్స మీద వాదం లేదు. నియాసిన్ అనే విటమిన్ మాత్రలిస్తే రోజుల్లోనే మనిషి తేరుకుంటాడు. కూలిపనికి వెళ్లే మనిషి కదా, ఎండకు కమిలిందిలే అనుకుని మెడ చూడని డాక్టరు చేతిలో ఆ రోగి పిచ్చివాడిగా ముద్రపడిపోగలడు. మద్యానికి బానిసలైనవారిలో ఇప్పటికీ పెల్లాగ్రా ఎదురవుతుంది.

అయితే కనిపించిన ప్రతి గుర్తునూ జబ్బనుకోకూడదు. గోళ్ల మీద తెల్లచుక్కలు కాల్షియం లోపమని ఇంటింటా అంటారు. అవి ఎక్కువగా చిన్నచిన్న దెబ్బల గుర్తులు. వయసుతో వచ్చే నిలువుగీతలూ అంతే. క్యారెట్లు, బొప్పాయి తెగతింటే అరచేతులు పసుపెక్కుతాయి, కానీ కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంటుంది, కాబట్టి కామెర్లు కావు. ఒంటి మీది గుర్తు ఏ పరీక్ష చేయించాలో చెబుతుంది. ఆ పరీక్ష మాత్రం చేయించాల్సిందే.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గోళ్లరంగు తుడిచేసుకుని వెళ్లండి. పిల్లల మెడ తోమడం మానండి. ఆయన కంప్యూటరు వైపే చూస్తుంటే రెండు చేతులూ ముందుకు చాచి, ‘డాక్టరు గారూ, ఒక్కసారి చేయి చూడండి’ అని అడగండి.