పిల్లల పుస్తకములలో కుంటివారును రోగులును

వేసవి సెలవులలో మన సంఘములలో పిల్లలకు బైబిలు బడి జరుపుట వాడుక. ఉదయమున పాటలు, కంఠత వాక్యము, తరువాత ఒక కథ. ఆ కథ కొరకు బోధించువారు చేతికందిన పుస్తకము తెరతురు. అట్టి పుస్తకములలో రోగము గలిగిన పిల్లలను, అవిటి పిల్లలను గూర్చినవి చాల కలవు. వాటిని గూర్చి కొన్ని మాటలు వ్రాయవలెనని బహుదినములుగా అనుకొనుచున్నాను. మొదట నా తప్పు చెప్పుకొందును.

చాల యేండ్ల క్రిందట, కృష్ణ నీళ్ళు ఇంకను ఆ యూళ్ళ కుళాయిలకు రాని దినములలో, నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపున ఒక చిన్న సంఘములో వారము దినములు కథలు చెప్పితిని. ఒక ఉదయమున హైదీ కథ ఎత్తుకొంటిని. స్విట్జర్లాండు దేశపు యోహాన్నా స్పైరీ అను నామె 1880, 1881 సంవత్సరములలో రెండు భాగములుగా దానిని ప్రచురించెను. ఆమె తల్లి మేటా హోయ్సర్ భక్తి కీర్తనలు వ్రాసిన స్త్రీ. కాబట్టి ఆ పుస్తకములో ప్రార్థనకును పాటకును చోటు హెచ్చు, మనవారికి అది యిష్టమగుటయు అందుచేతనే. తలిదండ్రులు లేని హైదీ కొండమీద తాతయొద్ద పెరుగును. తరువాత ఆమెను ఫ్రాంక్‌ఫర్టు పట్టణమునకు, నడువలేని క్లారా అను ధనవంతుని కూతురికి తోడుగా తీసికొనిపోవుదురు. కడపట క్లారా ఆ కొండకు వచ్చి, మంచి గాలి పీల్చి, మేకపాలు త్రాగి, చక్రముల కుర్చీ విరిగిపోగా తన కాళ్ళమీద నిలిచి నడచును. ఆ నడచిన చోట నేను గొంతు పెంచి, విశ్వాసముతో ప్రార్థించిన పిల్లలకు దేవుడిట్లు చేయునని ముగించితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ఒక పిల్ల చేయి ఎత్తెను. పదేండ్లుండవచ్చును. మోకాళ్ళు రెండును లోపలికి ఒరసికొని, పిక్కలు చెరియొక వైపునకు పోయి యుండెను. పండ్లమీద గోధుమరంగు చారలు.

“గా గుట్ట మీద నీళ్ళు మంచిగుంటయా, అయ్యగారూ?” అని అడిగెను.

నేను నవ్వి, మంచు కరగి వచ్చు నీళ్ళమ్మా, మంచివే అని చెప్పితిని.

“అట్లనా? అందుకే నడిసింది” అని ఆ పిల్ల చేయి దించుకొనెను.

ఆ చిన్నదానికి తెలిసిన సంగతి నాకును తెలియకపోలేదు. కథ చెప్పునప్పుడు అది జ్ఞాపకము రాలేదు, అంతే. ఆ ప్రాంతపు గ్రానైటు బండలోని ఫ్లోరైడు బోరుబావుల నీళ్ళలో కరగి వచ్చును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, దానికి ఎన్నో రెట్లు తేలిన బోరింగులు ఆ యూళ్ళలో ఉండెను. ఆ నీరు త్రాగి పెరిగిన పిల్లల పండ్లు గారపట్టును, ఎముకలు వంగును, పెద్దలకు నడుము బిగిసిపోవును. ఒకసారి వంగిన యెముకను ఏ మందును నిలువుగా చేయజాలదు. ఆ పిల్ల ముందు నేను చెప్పిన ముగింపునకు అర్థమేమి? క్లారా ప్రార్థించెను గనుక నడచెను, నీవు నడువలేదు గనుక నీ ప్రార్థన చాలలేదు. నా నోట ఆ మాట రాలేదు గాని ఆమె చెవిలో పడినది అదియే.

అప్పటినుండి ఇట్టి పుస్తకములను వేరు కన్నులతో చదువుచున్నాను. ఇంగ్లీషు బడులకు పోవు మన పిల్లలు వాటిని ఇంటికి తెచ్చుచునే యున్నారు. 1911లో వచ్చిన ‘ది సీక్రెట్ గార్డెన్’ అను పుస్తకములో కాలిన్ అను పిల్లవాడు మంచమునుండి లేచి తోటలో పరుగెత్తును. నిజమునకు వానికి రోగమే లేదు, రోగమున్నదను భయమే యుండెను. 1913 నాటి పొలియానా మోటారు బండి తగిలి కాళ్ళు పోగొట్టుకొని, కడపట అడుగులు వేయును. పుస్తకము మూయులోగా అందరును నడువవలసినదే. నడువనివాడుంటే కథ ముగియలేదన్నట్లు.

వీటిలో నాకు ఎక్కువ నొప్పి కలిగించినది 1872 నాటి కేటీ కథ. ఉయ్యాల ఎక్కవద్దని అత్త చెప్పగా కేటీ వినక ఎక్కి, పడి, నాలుగేండ్లు మంచము పట్టును. మంచముమీదనే ఓర్పు నేర్చుకొని, మంచి పిల్లయై, పిమ్మట నడచును. గుడ్డివాడుగా పుట్టిన మనుష్యుని చూచి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా అని శిష్యులడిగిన ప్రశ్న మీకు తెలియును. ప్రభువు ఆ రెంటిని త్రోసివేసెను. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము చదువుకొను క్రైస్తవ దేశములోనే, శిష్యుల ఆ ప్రశ్నను మరల తెచ్చి పిల్లల పుస్తకములో జవాబుగా పెట్టిరి. మన పల్లెలలో ఇరుగుపొరుగువారు అవిటి బిడ్డను కన్న తల్లితో ఏ జన్మ పాపమో అనుచుందురు. కేటీ కథ దానికే శుభ్రమైన బట్టలు తొడిగినది. అయినను ఆ రచయిత్రికి న్యాయము చేయవలెను. ఉయ్యాల ఎందుకు ఎక్కరాదో అత్త చెప్పక దాచుట తెలివిగాని పని యని ఆమెయే ఆ కథలో ఒప్పుకొనినది. మర్రిగూడ పిల్ల ఏ ఉయ్యాలయు ఎక్కలేదు. ఇంటి ముందరి బోరింగు నీళ్ళు త్రాగినది, అవి తప్ప వేరు నీళ్ళు లేవు గనుక.

స్వస్థత కథలు చెప్పవద్దనుచున్నారా అని కొందరు అడుగుదురు. నేనట్లనను. మన ప్రభువు కుంటివారిని నడిపించెను, దానిని దాచుటకు మనమెవరము? అయితే జడ్చర్ల మిషను ఆసుపత్రిలో బంధువుల మంచములయొద్ద కూర్చున్నవారు మనలో అనేకులున్నారు. ఒకే ప్రార్థన చేసిన రెండు కుటుంబములలో ఒకరు నడచి ఇంటికి పోవుటయు, ఒకరిని మోసికొనిపోవుటయు వారు చూచిరి. పెద్దలమైన మనకు అది తెలియును. పిల్లల దగ్గర మాత్రము ఎందుకో ఒక కుటుంబపు కథయే చెప్పుదుము.

ఇల్లు చేరిన తరువాత హైదీ పుస్తకము మరల తీసి చదివితిని. చదివి సిగ్గుపడితిని. దానిలో ఇంకొక అవిటి మనిషి యున్నది! మేకలు కాయు పీటరు అవ్వ, గుడ్డిది. కథ మొదట గుడ్డిదే, కడపటను గుడ్డిదే. ఏ గాలియు ఏ పాలును ఆమెకు చూపునియ్యలేదు. ఆ అవ్వ ఇంట పాత కీర్తనల పుస్తకము ఒకటి గోడ అరమీద ఉండును గాని చదివి వినిపించువారు లేరు. హైదీ పట్టణములో చదువు నేర్చుకొని వచ్చి ఆ కీర్తనలు ఆమెకు చదువును. గట్టి రొట్టె నమలలేని ఆ ముసలిదానికి మెత్తని తెల్ల రొట్టెలు తెచ్చి యిచ్చుటకై ఎంత తహతహలాడునో! క్లారా నడక కంటె ఆ రొట్టెలే నాకిప్పుడు సువార్తగా కనబడుచున్నవి. అప్పుడు నేను సమయము చాలదని ఆ అవ్వను కథలోనుండి తీసివేసితిని. తప్పు పుస్తకములో కొంత, చెప్పినవానిలో ఎక్కువ.

ఇట్లు కథను తొందరగా ముగించుట వలన కలుగు నష్టము ఇంకొక చోట చూడుడి. హెలెన్ కెల్లరు కథ మన పిల్లలకు తెలిసినదే. పిల్లల పుస్తకములు అన్నియు 1887లో ఆమె చేతిమీద పంపు నీళ్ళు పోసి, గురువు అక్షరములు వ్రాసి చూపిన చోట ఆగును. అప్పటికామెకు ఇంకను ఏడేండ్లు నిండలేదు. ఆమె బ్రదికినది 1968 వరకు! కాలేజీలో చదివెను, పుస్తకములు వ్రాసెను, గుడ్డివారి పక్షమున దేశదేశములు తిరిగి మాటలాడెను. మన పిల్లలు ఆ పంపు దగ్గరనే నిలిచియున్నారు.

పెద్ద పిల్లలకు, అనగా పదవ తరగతి దాటిన వారికి, నేను చేతికిచ్చు పుస్తకము ఒకటి కలదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టరు మేరీ వర్గీస్ అను నామె జీవిత కథ. డొరతీ క్లార్క్ విల్సన్ వ్రాయగా 1963లో వెలువడినది. 1954లో మోటారు ప్రమాదములో మేరీ నడుము క్రింద చచ్చుపడెను. ఆమె మరల నడువలేదు. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసెను, అమెరికాలో శిక్షణ పొంది వచ్చి వేలూరులో అవిటివారి పునరావాస వైద్యమునకు పునాది వేసెను. ఆ పుస్తకములో పొగడ్త కొంచెము ఎక్కువే. మిషనరీ జీవిత కథలకు ఆ జబ్బు తరుచు. అయినను ఆమె ఏడ్చిన దినములును అందులో ఉన్నవి, చేసిన పనియు ఉన్నది.

మన జిల్లా కథ మాత్రము పిల్లల కొరకు వ్రాసినది నా చేతికి ఇంతవరకు రాలేదు. సామగ్రికి కొరత యున్నదా? 1937లోనే నెల్లూరు జిల్లాలో ఈ రోగమును వైద్యులు గుర్తించి వ్రాసిరి. పటికయు సున్నమును వేసి నీళ్ళలోని ఫ్లోరైడు తగ్గించు పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు 1970ల దశకములో కనిపెట్టగా, దానికి నల్లగొండ పద్ధతి యని లోకమంతట పేరు వచ్చినది. 1996 లోక్‌సభ ఎన్నికలలో నీళ్ళ కొరకు మొర పెట్టుటకై నల్లగొండ స్థానమునకు 480 మంది నిలువగా ఓటు కాగితము పుస్తకమంత లావాయెను. పిల్లలు ఈ సంగతి వింటే నవ్వుదురు, నవ్వి ఎందుకని అడుగుదురు. 2003లో శివన్నగూడెమునకు చెందిన అంశల స్వామిని ఢిల్లీకి తీసికొనిపోయి, నాటి ప్రధానమంత్రి వాజపేయి ఎదుట బల్లమీద కూర్చుండబెట్టిరి. తరువాత ఆయన ఫ్లోరోసిస్ బాధితుల పక్షమున తన నోటనే మాటలాడు వాడాయెను. 2023 జనవరిలో మరణించెను. ఈ కథ వ్రాయువారు ఒక సంగతి జాగ్రత్తగా చూడవలెను. ఆ బల్లమీద ఎక్కించినవారు మేలు కోరియే ఎక్కించిరి, దానివలన లోకము చూచినది. అయినను బల్లమీద చూపబడుట వేరు, బల్లయొద్ద కూర్చుండుట వేరు. స్వామి ఏమనుకొనెనో, ఏమి పనిచేసెనో, ఏమి చూచి నవ్వెనో లేని పుస్తకము వ్రాసినను ఒకటే, వ్రాయకున్నను ఒకటే.

బల్ల యనగానే మెఫీబోషెతు జ్ఞాపకము వచ్చును. సమూయేలు రెండవ గ్రంథము ఈ విషయములో నేనెరిగిన పిల్లల పుస్తకములన్నిటికంటె నిజాయితీ గలది. అయిదేండ్ల బిడ్డను దాది యెత్తుకొని పరుగెత్తుచు పడవేసినందున కుంటివాడాయెనని నాలుగవ అధ్యాయము కారణము స్పష్టముగా చెప్పును. పాపమనదు, శాపమనదు. తొమ్మిదవ అధ్యాయములో దావీదు అతని తాత భూమిని తిరిగి యిచ్చి తన బల్లయొద్ద నిత్యము భోజనము చేయించును. ఆ అధ్యాయపు కడపటి మాటలోను అతడు రెండు కాళ్ళ కుంటివాడే. (కుంటివాడను మాట ఇప్పుడు మొరటు మాట. సర్కారువారు దివ్యాంగులు అనుచున్నారు. బైబిలు చదువునప్పుడు తప్ప నేనును ఆ మాట వాడను.)

మన పాఠములు ఇక్కడనే ఆగిపోవును. దావీదు దయగలవాడని రంగుబొమ్మ చూపి ముగింతుము. పదునారవ అధ్యాయములో పనివాడైన సీబా తన యజమానునిమీద అబద్ధము చెప్పి భూమియంతయు కాజేయుటయు, పందొమ్మిదవ అధ్యాయములో మెఫీబోషెతు గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉదుకుకొనక రాజు ఎదుటికి వచ్చి తన సంగతి తానే చెప్పుకొనుటయు ఎవరును చెప్పరు. దయ పొందినవాడు నోరు విప్పు భాగము అదియే.

మొన్నటి వేసవిలో మహబూబ్‌నగరు వైపు ఒక పల్లెలో ఈ కథను మూడు దినములు పూర్తిగా చెప్పితిని. భూమిని సీబాయు నీవును పంచుకొనుడని రాజు తీర్పు చెప్పిన చోట పిల్లలు ఊరకుండలేదు. సీబాది అబద్ధమైనప్పుడు సగమెందుకియ్యవలెనని ఒకడు లేచెను. సీబా ఆకలి వేళకు రొట్టెలు తెచ్చెను గదా అని ఇంకొకడు. ఒక ఆడపిల్ల, “గాడిదకు జీను ఆయనెట్ల కట్టుకుంటడు? కట్టెటోడే మోసం జేసిండు గదా” అనెను. చంక కర్రతో నడచు పిల్లవాడు ఒకడు ద్వారము దగ్గర కూర్చుండి అంతవరకు మాటలాడలేదు. మెఫీబోషెతు భూమియంతయు సీబాకే పోనిమ్ము, రాజు క్షేమముగా వచ్చెను, అది చాలుననెనని నేను చదువగా, వాడు తలయెత్తెను.

“గట్లెందుకు ఇడిసిపెట్టిండు? నేనైతే ఇడువ” అనెను.

గంట కొట్టిరి గాని ఎవరును లేవలేదు.