కల్చర్ పళ్లెం దగ్గరి చేయి

పెన్సిలిన్ బ్యాక్టీరియాను చంపి మనల్ని వదిలేయడానికి కారణం ఒక గోడ. బ్యాక్టీరియా కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది, మన కణాలకు ఉండదు. ఆ లేమే ఇక్కడ మనకు రక్ష. గోడ అతుక్కోకుండా పెన్సిలిన్ అడ్డుపడితే లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాలలో డుగ్గర్ అనే శాస్త్రవేత్త కనుగొని, 1948లో వెలుగు చూసిన ఆరియోమైసిన్ అనే మందు మాత్రం బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌ను పట్టుకుంటుంది. మన రైబోజోమ్ నిర్మాణం వేరు.

కానీ ఏ మందు ఏ క్రిమి మీద పనిచేస్తుందో తేల్చి ఈ శాస్త్రాన్ని రోగి దాకా తెచ్చేది ల్యాబ్ టెక్నీషియన్ పనితనమే. రోగి నమూనాలో పెరిగిన బ్యాక్టీరియాను దూదిపుల్లతో అగర్ పళ్లెం మీద, పళ్లెం తిప్పుతూ మూడు వైపులా సమంగా పూసి, మందు అద్దిన కాగితపు బిళ్లలు పెడతారు. 35 డిగ్రీల వేడిలో 16 నుంచి 18 గంటలు ఉంచాక, మందు పనిచేసిన బిళ్ల చుట్టూ క్రిమి మొలవని వలయం తేలుతుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పూత కాస్త చిక్కనైతే వలయం కుంచించుకుపోయి, పనిచేసే మందే పనికిరానిదిగా కనిపిస్తుంది. అంతసేపు రోగి ఆగగలడా అంటారు. ఆగనక్కర్లేదు, ప్రాణం మీదికొస్తే డాక్టర్లు అంచనాతో మందు మొదలుపెట్టి, ఫలితం చూసి మారుస్తారు. యంత్రాలొచ్చాయి కదా అనేవారూ ఉన్నారు. ఆ యంత్రానికి అందించే క్రిమిలో మరో క్రిమి కలవకుండా వేరుచేసేది కూడా చాలాచోట్ల ఈ టెక్నీషియన్ చేయే.