కడగని ఫొటో

"ఫొటోలు కడిగించారా?" అని పెళ్లయిన వారం నుంచే చుట్టాలు అడిగే రోజులు పోయాయి గానీ మాట పోలేదు. మొన్నామధ్య ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఏమయ్యా, మా మనవరాలి పెళ్లి ఫొటోలు కడిగావా?" అన్నారు. "కడుగుతున్నానండీ" అన్నాను. అది అక్షరాలా నిజం. గదిలో ఎర్ర బల్బు లేదు, హైపో వాసన లేదు, తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసిన కాగితాలు లేవు. అయినా రా ఫైల్ తెరిచి కూర్చున్న ప్రతిసారీ నేను చేసేది ఆ పనే.

రా ఫైల్‌ని ఫొటో అనడం నాకు ఇష్టం ఉండదు. సెన్సర్ మీద ఏ గడిలో ఎంత వెలుగు పడిందో రాసిపెట్టుకున్న లెక్క అది. ఆ గడుల మీద సన్నటి రంగు పొరలు ఉంటాయి. సగం గడులకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, మిగిలిన పావు వంతుకు నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంట్ తీసుకున్నారు. ఈనాటికీ ఎక్కువ కెమెరాల్లో ఉండేది అదే. కాబట్టి ఒక్కో గడికి తెలిసింది ఒక్క రంగే. తక్కిన రెండూ ఇరుగుపొరుగు గడులను చూసి సాఫ్ట్‌వేర్ పూరించాలి. ఏ దిద్దుబాటూ చేయకుండా ఆ లెక్కను ఉన్నదున్నట్టు తెరకెక్కిస్తే చీకటిగా, ఆకుపచ్చ ఛాయతో, ఎవరూ ఆల్బమ్‌లో పెట్టుకోని బొమ్మ వస్తుంది. నాకు మాత్రం అందులో కడగని ఫిల్ము కనిపిస్తుంది.

ఆ పెద్దాయన మనవరాలి పెళ్లి తెల్లవారుజాము ముహూర్తం. తెల్లటి మధుపర్కాలు, ఎర్రటి అంచు. పెళ్లికూతురు చామనఛాయ కన్నా ఒక పాలు నలుపు, బుగ్గల మీద పసుపు. వీడియో వాళ్ల లైటు ఒక పక్క నుంచి చీర మీద కొడుతోంది, రెండో పక్క మండపం స్తంభం నీడ. జీలకర్ర, బెల్లం పెట్టిన క్షణంలో ఆ అమ్మాయి తల కొంచెం వంచింది. కెమెరా ఆ ఒక్క క్షణాన్నే రెండు రకాలుగా దాచింది, రా ఒకటి, జేపెగ్ ఒకటి. జేపెగ్‌లో మధుపర్కం సున్నం పూసిన గోడలా ఉంది. నీడపక్కన ఉన్న బుగ్గ ఒకే ముద్ద.

ఎందుకలా అయిందో చెప్పాలంటే బిట్ల దగ్గరికి రావాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే నలుపు నుంచి నిండు వెలుగు దాకా 256 మెట్లు. మూడు రంగులూ కలిస్తే 1 కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు. పూర్తయిన ఫొటోను చూడటానికి ఆ మెట్లు చాలు, ఇంకా దిద్దాల్సిన ఫొటోకు చాలవు. నా కెమెరా రా ఫైల్ 14 బిట్లది, 16,384 మెట్లు.

అయితే ఆ మెట్లు వెలుగుకూ నీడకూ సమానంగా దక్కవు, కొత్తవాళ్లకు ఎవరూ నేర్పని సంగతి ఇదే. సెన్సర్ వెలుగును నేరుగా లెక్కపెడుతుంది. వెలుగు సగమైతే అంకె కూడా సగమవుతుంది, ఆ ఒక్కో సగాన్నే స్టాప్ అంటాం. దాంతో 16,384 మెట్లలో 8,192 అన్నిటికన్నా ప్రకాశమైన ఒక్క స్టాప్‌కే పోతాయి. దాని కింది స్టాప్‌కు 4,096, ఆ కిందిదానికి 2,048. అలా సగాలు చేసుకుంటూ దిగితే ఏడో స్టాప్‌కు మిగిలేవి 128. మధుపర్కం పై స్టాప్‌లో కూర్చుంది. లైటు పడిన బుగ్గ మూడో స్టాప్‌లో, నీడలో ఉన్న బుగ్గ ఆరో స్టాప్‌లో ఉన్నాయి. జడ ఇంకా కింద. తెల్లబట్టకు వేల మెట్లు దక్కిన చోట నల్లని మొహం నీడపక్కకు వందల్లో దక్కాయి. నల్లని మొహాన్ని తీసేటప్పుడు నాకు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలనిపించేది అందుకే. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తక్కువ పడిందంటే ఆ కాసిన్ని మెట్లలోనూ సగం పోతాయి.

అలాగని వెలుగు పెంచుకుంటూ పోతే మధుపర్కం తెగిపోతుంది. ఒకసారి గడి నిండి పొర్లిందంటే ఎన్ని బిట్లున్నా ఆ నేత తిరిగి రాదు. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్, అంటే వెలుగు పంపకం చూపే గ్రాఫ్, సాధారణంగా జేపెగ్‌ను బట్టి గీసిందే. అది కుడి గోడకు తగిలిందని చూపించినా రా ఫైల్‌లో కాస్త చోటు మిగిలి ఉంటుంది. ఎంత మిగులుతుందో ఎవరి కెమెరాతో వాళ్లు తీసి చూసుకోవాల్సిందే. నాకు అది చేతికి రావడానికి రెండు పెళ్లిళ్ల సీజన్లు పట్టింది.

ఆ పెళ్లయ్యాక ఒక రాత్రి రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి ఒకే దిద్దుబాటు చేశాను. నీడను రెండు స్టాప్‌లు లేపాను, పసుపు లైటు ఛాయ తీసేశాను. అలాంటి లైటులో నీలం తక్కువ, దాన్ని రెట్టింపో అంతకు మించో పెంచితే గాని తెలుపు తెలుపవదు. రాలో అదొక గుణకారం, అంతే. జేపెగ్‌లో కెమెరా సగం సరిచేసి, మిగతాది అలాగే బిగించేసింది. ఉన్న కొద్దిపాటి నీలాన్ని సాగదీస్తే మెట్ల మధ్య సందులు పడ్డాయి, హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా చీలింది. తెరమీద పెద్దది చేసి చూస్తే చెంప ఎముక నుంచి దవడ దాకా పట్టీలు పట్టీలుగా చారలు. రా ఫైల్‌లో అదే చెంప మీద పసుపు ఎక్కడ పలచబడిందో, కింద అసలు ఒంటి రంగు ఎక్కడ మొదలైందో ఆ అంచు కూడా తెలిసింది. కొంచెం గ్రెయిన్ వచ్చింది, రానీ. మధుపర్కం నేతలో పోగులు లెక్కపెట్టవచ్చు.

జేపెగ్‌ని 16 బిట్లకు మార్చి పనిచేయవచ్చు కదా అని మా కుర్రవాళ్లు అడుగుతుంటారు. గ్లాసెడు నీళ్లు బిందెలో పోస్తే బిందెడు అవుతాయా? ఇక మీదట చేసే పనిలో ఒలికిపోకుండా ఉంటాయి, అంతవరకే. రాను విప్పేటప్పుడే 16 బిట్లకు విప్పుకోవాలి, చివరి అడుగు దాకా అక్కడే ఉండాలి. ఫొటోషాప్ 16 బిట్లు అంటుంది గానీ లోపల వాడేది 0 నుంచి 32,768 వరకే. అయినా మన పనికి పుష్కలం. డబ్బు పెట్టలేని పిల్లలకు ఒకప్పుడు ఈ దారి దాదాపు మూసి ఉండేది. ఉచితంగా దొరికే గింప్ 2018లో 2.10 వచ్చేదాకా 8 బిట్లు దాటలేదు. ఇప్పుడు డార్క్‌టేబుల్, రాథెరపీ కూడా ఉన్నాయి, ఏ ఊళ్లో కుర్రాడైనా పైసా లేకుండా రాను శుభ్రంగా కడుక్కోవచ్చు. నాకు ఇది చాలా పెద్ద విషయం.

అన్ని చోట్లా 14 బిట్లు పనికొస్తాయనీ అనను. ఐఎస్ఓ బాగా పెంచితే అడుగు బిట్లలో ఉండేది నాయిసే. కొన్ని కెమెరాలు వేగంగా వరసగా తీసేటప్పుడు 12 బిట్లకు దిగిపోతాయి, పెళ్లిలో దాన్ని పట్టుకుని కంగారు పడక్కర్లేదు.

ఆల్బమ్ పేజీలు చూపించడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు పెళ్లికూతురి నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ ఫొటో దగ్గర ఆగింది. "బాగుంది నాయనా, పిల్లని కాస్త తెల్లగా చేసిపెట్టకూడదూ?" అంది. ప్రతి ఇంట్లో వినే మాటే. ఆమెను నొప్పించడం ఇష్టం లేదు, ఆ అమ్మాయి రంగు చెరపడమూ ఇష్టం లేదు. రెండు ప్రింట్లు తీయించి పట్టుకెళ్లాను. ఒకటి వెలుగు కొంచెం పెంచింది, ఒకటి నేను కడిగింది. ల్యాబ్ వాళ్లు తీసుకునేది 8 బిట్ల జేపెగ్గే కాబట్టి రెంటినీ ఆఖరున అలాగే పంపాను. పని అంతా అయిపోయాక దిగితే అక్కడ 256 మెట్లు సరిపోతాయి.

నాయనమ్మ తెల్లగా ఉన్నదే తీసుకుంది. ఆల్బమ్‌లో అదే ఉంది. రెండోదాన్ని ఆ రాత్రే పెళ్లికూతురు వాట్సాప్‌లో అడిగింది, "అన్నా, నాకు ఆ రెండోది ప్రింట్ కావాలి, పెద్ద సైజు" అని. మర్నాడు రా ఫైల్ మళ్లీ తెరిచి, పెద్ద కాగితానికి తగ్గట్టు నీడలు ఇంకోసారి మొదటినుంచి కడిగాను.