పాత తలుపుల పెట్టెమంచం

తెలుగువారి ఇళ్ళలో మంచమూ పెట్టే ఒకటే కావడం కొత్త సంగతి కాదు. దస్తావేజులు, పట్టుబట్టలు, ఇత్తడి సామాను దాచిన భోషాణం మూత మీదే బొంత పరుచుకుని, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఇంటి పెద్ద నిద్రపోయేవాడు. నేడు బజారులో 'బాక్స్ కాట్' అని అమ్ముతున్న సరుకుకు మూలపురుషుడు ఆ భోషాణమే అయినా, దానికి నిజమైన వారసుడు మాత్రం పడగొట్టిన మండువా లోగిళ్ళ తలుపులు, దూలాలు, విరిగిన పందిరిమంచాల కోళ్ళు, బీరువాల సొరుగులు కలిపి మంచి వడ్రంగి కూర్చే పెట్టెమంచం.

ఈ పనికి ప్రాణం పాత టేకు. గోదావరి మీద తెప్పలు కట్టి దించిన మన్యం టేకు కొంత, బర్మా నుంచి ఓడల్లో వచ్చినది కొంత అని కోస్తా వడ్రంగులు చెప్పుకుంటారు. ఆంగ్లంలోని 'టీక్' అనే మాట మలయాళపు 'తేక్కు' నుంచి పోర్చుగీసుల నోటి మీదుగా పోయిందే. ఏ దూలం ఏ అడవిదో తేల్చడం కంటే చేవ, అంటే మాను నడుమ ముదిరిన చెక్క, ఎంత ఉందో చూడడం ముఖ్యం. చేవలోని సహజమైన నూనె చెదను దగ్గరికి రానివ్వదు; పైగా ఇంటికప్పు కింద ఏళ్ళ తరబడి ఆరిన కర్ర కాబట్టి, పచ్చికర్రలాగా నెల తిరక్కుండా వంకర్లు పోదు.

పాత కర్రతో పని వెతుకులాటతో మొదలవుతుంది. లోపల విరిగి మిగిలిన మేకు ఒక్కటున్నా చిత్రిక బ్లేడు నోరు పోతుంది గనుక, ప్రతి చెక్క మీదా అయస్కాంతం తిప్పి, వేలితో తడిమి మేకులు పీకాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని పొడిగా గీకకుండా తడిపి తీయాలి. సన్నటి కన్నాల నుంచి పిండి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. ఆ ముక్కను నిర్దయగా పక్కన పెట్టడమే మేలు. ఇంత శ్రమా అయ్యాక, ఆకుపచ్చ ఎనామిల్ కింద నుంచి చిత్రిక మొదటి పట్టుకే తేనెరంగు చెక్క బయటపడి, తోలు వాసనను పోలిన టేకు వాసన పాక నిండా పరుచుకుంటుంది.

అసలు విద్య అతుకులో ఉంది. పట్టె చివర సన్నగా చెక్కిన నాలుకను కుసి అంటారు. అది కోడులో తొలిచిన బెజ్జంలోకి దిగుతుంది. పనితనం తెలిసిన వడ్రంగి చీల కోసం వేసే రంధ్రాలను ఒకదానికొకటి సూటిగా వేయడు. కుసిలోని రంధ్రాన్ని బియ్యపుగింజ మందాన పట్టె వైపు జరిపి వేస్తాడు, అందువల్ల కొయ్యచీలను దిగగొట్టినకొద్దీ పట్టె తనంతట తానే వచ్చి కోడును కరుచుకుంటుంది. జిగురు ఎండిపోయినా, ఇల్లు మారినా ఆ పట్టు సడలదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది ఆలయ రథం కాలిపోతే, మరుసటి ఏడాది రథసప్తమి నాటికి కొత్త టేకు రథాన్ని నిలబెట్టిన విద్యకూ, ఈ మంచం కుసికీ బంధుత్వం దగ్గరిదే. అలాంటి చేతులను 'పనివాళ్ళు' అని ఊరుకోవడం అన్యాయం.

ఇద్దరి పరుపు 78 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు ఉంటుంది గనుక, జంట తలుపు రెక్కలను అడ్డంగా నిలిపితే మంచానికి రెండు పక్కగోడలూ దొరికినట్టే. వానకు తడిసి పుచ్చిన అడుగు కమ్మీని కోసేస్తే తగ్గే పొడవును మూలల్లో నిలిపే కోళ్ళ మందం పూడుస్తుంది. నడుమ మరో అడ్డగోడ తప్పనిసరి, బరువంతా మోసేది అదే. దూలాన్ని కోయించి తీసిన బద్దలను పైన రెండేసి వేళ్ళ ఎడంతో పరచాలి. గాలి ఆడకపోతే పరుపు అడుగున బూజు పడుతుంది. బీరువా సొరుగులు కొయ్యపట్టాల మీద జారడానికి కొవ్వొత్తి రుద్దితే చాలు. సొరుగు లోతు మంచం సగం వెడల్పుకు చాలకపోతే వెనక మిగిలే చోటును దొంగ అరగా వదిలేయడం భోషాణం నాటి తెలివి.

ఇంతటి విద్య కళ్ళెదుట ఉండగా జనం ఎగబడుతున్నది దేనికి? రంపపు పొట్టునూ చెక్కముక్కలనూ జిగురుతో అదిమి, పైన టేకు బొమ్మ ముద్రించిన కాగితం అంటించిన బోర్డులకు. ఒకసారి విప్పి బిగిస్తే వాటిలో మరలు నిలవవు, కోస్తా ఉక్కకు అంచులు ఉబ్బుతాయి, అడుగుపలక సొరుగుల మీదకు కుంగుతుంది. అంతకంటే నీచమైనది 'పాత టేకు' పేరిట సాగే మోసం: లేత కర్రను దీపంతో కమిర్చి, డ్రిల్లుతో పురుగు కన్నాలు పెట్టి, రంగు పూసి తాతలనాటిదని అమ్ముతున్నారు. మరోపక్క నిజమైన తాతలనాటి తలుపులు తూకానికి పోయి పొయ్యిలో కాలుతున్నాయి. కారైకుడిలో మునీశ్వరన్ కోవెల వీధిలో చెట్టినాడు ఇళ్ళ తలుపులూ స్తంభాలూ దుకాణాల్లో నిలబడి కొనేవారి కోసం ఎదురుచూస్తుంటే, తెలుగునాట ద్వారబంధం విలువ కట్టేది పాతసామాను బండివాడి కాటా.

ఇల్లు పడగొట్టించేవారు బండివాడిని పిలిచే ముందు ఊళ్ళో మిగిలిన వృద్ధ వడ్రంగిని ఒక్కసారి పిలిచి ఆ తలుపులు చూపించాలి; బేరం ఆ తరవాతే.