వంగని ఇనుము, వంగెడి మెడ

కంప్యూటరులో ఇష్టము వచ్చినట్లు కదలింపదగిన గుర్రపు బొమ్మలకు నేడు పలువురు వింత కవచములను రూపొందించుచున్నారు. కొమ్ములు, రెక్కలు, ముళ్ళు కన్నులకు విందే. కాని గుర్రము మెడ వంచగానే ఇనుపరేకు రబ్బరువలె సాగును. దోషమెక్కడ?

బొమ్మ లోపల ఎముకల చట్రముండును. పైపొరలోని ప్రతి బిందువు దగ్గరి ఎముకలననుసరించి కదలును. ఈ ఏర్పాటు చర్మమునకు తగును, లోహమునకు తగదు. కవచమును కూడ చర్మమువలె చట్రమునకు కట్టుటయే పొరపాటు.

లండనులోని వాలెస్ సంగ్రహాలయమున సుమారు 1480 నాటి జర్మను గుర్రపు కవచము కలదు. దాని మెడభాగము ఒకే రేకు కాదు. ఒకదానిపై నొకటి జారెడి పట్టీల వరుస. ఏ పట్టీయు వంగదు; వరుస వంగును. నమూనాలోను ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క ఎముకకే బిగించి, అంచులు ఒకదానిపై నొకటి వచ్చునట్లు అమర్చవలయును. ఎముకలు చాలనిచోట కవచమునకు అదనపు ఎముకలు చేర్చవచ్చును.

గుడ్డపై అట్టపట్టీలను ఒక్క అంచున మాత్రమే అంటించి వంచి చూచినచో విద్యార్థులకీ సూత్రము తెలియును.

కల్పనకు హద్దు లేదు. కాని ఇనుము ఇనుమువలెనే ఉండవలెను. నిలిచిన గుర్రమును చూచి కవచమును మెచ్చుకొనుట తొందరపాటు. మెడ వంచి, కాలెత్తించి చూచిన పిమ్మటనే తీర్పు చెప్పుట న్యాయము.