ప్రతులు వేరు, సాక్షులు వేరు

ఇంటర్నెట్టులో లభిస్తున్న తెలుగు ఇస్లామీయ రచనలను విమర్శనాదృష్టితో పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది. నెక్కొండ వంటి ఊరిలో ఒక యువకునికి ధార్మిక సందేహం కలిగితే అతనికి అందుబాటులో ఉన్నది హదీసు గ్రంథాలయం కాదు, చేతిలోని ఫోను. వెదికితే క్షణంలో సమాధానం దొరుకుతుంది. కాని చెప్పినవారెవరో, వారు ఎవరి వద్ద విన్నారో చాలాచోట్ల కనబడదు.

చైనా వరకైనా వెళ్ళి విద్య నేర్వమని దైవప్రవక్త (స) ఆదేశించారనే మాటనే తీసుకుందాం. ఎక్కడ వెదికినా అది కనిపిస్తుంది. ఇన్నిచోట్ల ఉన్నది అబద్ధమెలా అవుతుందని పాఠకుడు అనుకోవడం సహజం. కాని ఇమామ్ బైహఖీ (మరణం హి. 458) ఆ మాట ప్రసిద్ధమైనదే గాని, దాని ఉల్లేఖన పరంపర బలహీనమైనదన్నారు. ఇబ్నుల్ జౌజీ (మరణం హి. 597) దాన్ని కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. ప్రసిద్ధి వేరు, ప్రామాణికత వేరు అన్న సంగతి మన పెద్దలు తొమ్మిది శతాబ్దాల క్రితమే తేల్చారన్నమాట.

ఇప్పుడు సహీహ్ బుఖారీలోని మొట్టమొదటి హదీసును చూడండి. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న ఆ హదీసును యహ్యా బిన్ సయీద్ అన్సారీ నుండి విన్నవారు ఎందరో ఉన్నారు. కాని ఆయనకు చెప్పినవారు ముహమ్మద్ బిన్ ఇబ్రాహీమ్ తైమీ ఒక్కరే. వారికి అల్‌ఖమా ఒక్కరే. ఆయనకు హజ్రత్ ఉమర్ (రజి) ఒక్కరే. అందుకే ముహద్దిసులు చివరనున్న శ్రోతల సంఖ్య చూసి మురిసిపోలేదు; దీన్ని 'గరీబ్' అన్నారు. అయినా ఆ ఒక్కొక్కరూ విశ్వసనీయులని తేలినందున ప్రామాణికమని స్వీకరించారు. పేరు తెలియని నూరు ప్రతులకన్న పేరు తెలిసిన ఒక్క సాక్షి మేలు.

మాట మంచిదే కదా, నష్టమేమిటని కొందరు అడుగుతారు. దైవప్రవక్త (స) అనని మాటను వారికి అంటగట్టడం ఘోరమైన పాపం. ఇక విచారించకుండా నమ్మే అలవాటు ధార్మిక విషయాల వద్దే ఆగదు. 2018 మే నెలలో, పవిత్ర రంజాను మాసంలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు ఫోన్లలో వ్యాపించాయి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో గుంపు దాడికి ఒక హిజ్రా ప్రాణం బలైపోయింది. తెలియక ఒక జాతికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడకుండా వార్తను విచారించుకోమని హుజురాత్ సూరా 6వ వాక్యం హెచ్చరిస్తూనే ఉంది.

రచయిత మనవాడా కాదా అన్నది గీటురాయి కాదు. ఖుర్ఆనును తెనిగించిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిము కారు. కాని తమ పేరుతో ప్రకటించారు గనుక వారి అనువాదంలోని తప్పొప్పులను ఎవరైనా ఎంచవచ్చు. జవాబుదారీ ఉన్నచోటనే విమర్శకు వీలుంటుంది.

అనువాదకులమైన మా బాధ్యత కూడా ఇందులో ఉంది. 'బుఖారీ' అని ఒక అంకె వేసి వదిలేస్తే చాలదు. ముద్రణను బట్టి అంకెలు మారుతాయి. ప్రకరణం పేరు కూడా ఇవ్వాలి. పాఠకుడు ఆ ప్రకరణాన్ని తెరిచి చూడాలి. ఈనాడు అరబీ మూలగ్రంథాలు కూడా అదే ఫోనులో లభిస్తున్నాయి. భాష రాకపోతే ఊరి ఆలిమును అడగవచ్చు. ఆధారం దొరకని మాటను అబద్ధమని తొందరపడి తీర్పు చెప్పనక్కరలేదు. దొరికేవరకు దాన్ని మరొకరికి పంపకుండా ఉంటే చాలు.