కుడికి తిప్పితే తగ్గే వాల్యూమ్

"బాబాయ్, వాల్యూమ్ కుడికి తిప్పితే తగ్గుతోంది. ఎడమకి తిప్పితే ఇల్లు ఎగిరిపోతోంది. నా సోల్డరింగే పాడయిందంటావా?"

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నుంచి ఫోన్. రాత్రి తొమ్మిదిన్నర. నీ సోల్డరింగే అయ్యుంటుందిరా, పొద్దున చూద్దాం అని పెట్టేశాను. పావుగంట తిరక్కుండా భిలాయ్ నుంచి ఇంకొకడు. అదే మాట. ఇద్దరి చేతులూ ఒకేలా తప్పు చెయ్యవు. తప్పు నాది. నేను గీసిన నలభై గిటార్ యాంప్ బోర్డుల మీద అచ్చయి వచ్చింది.

మాది మస్తూరీ. రైల్వే టెలికాంలో పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాను. మా తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తయ్యాక మా వాళ్లకి ఈ దేశం ఇంకాస్త దగ్గరైంది. కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో ఈనాటికీ ఆవకాయ జాడీలు ఇటొస్తాయి, పెళ్లి సంబంధాలు అటూ ఇటూ తిరుగుతాయి. కాలనీల్లో తెలుగు ఇంకా బతికే ఉంది, కాకపోతే సగం హిందీలో. చర్చిలో పాటలకీ, వినాయక చవితి పందిళ్లకీ గిటార్ పట్టుకునే కుర్రాళ్లకి కొదవ లేదు. కొదవల్లా యాంప్లిఫయర్‌కే. గిటార్ కొన్నాక జేబులో మిగిలేదానికి మంచి యాంప్ రాదు.

అందుకని ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కే గుచ్చేస్తారు. మోత వస్తుంది గానీ దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. గిటార్ పికప్ అంటే సన్నటి రాగి తీగని వేల చుట్లు చుట్టిన కాయిల్. తక్కువ ఓమ్‌ల ఇన్‌పుట్‌కి తగిలించి దాని మీద బరువు పెడితే ముందు ట్రెబుల్ చచ్చిపోతుంది. బజారులో దొరికే టీడీఏ2030 యాంప్ చిప్ బోర్డు ఇన్‌పుట్ దగ్గర సాధారణంగా 22 కిలో ఓమ్‌లు ఉంటాయి. గిటార్‌కి కావాల్సింది దాదాపు 10 లక్షల ఓమ్‌లు. అందుకే నా యాంప్‌లో ముందు టీఎల్072 చిప్‌తో ఒక చిన్న మెట్టు, వెనక అదే టీడీఏ2030, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 8 ఓమ్‌ల స్పీకర్. పది వాట్ల దగ్గర వస్తుంది. రైల్వే క్వార్టర్‌లో పది వాట్లు చాలు. అంతకు మించితే పక్కింట్లో నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాడు తలుపు కొడతాడు.

మొదటిది నా చేత్తోనే చేశాను. లేజర్ ప్రింట్ తీసి, ఇస్త్రీ పెట్టెతో రాగి బోర్డు మీద అచ్చు దింపి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో కడిగాను. పాతబడిన ప్లాస్టిక్ పళ్లెం ఒకటి శాశ్వతంగా తుప్పు రంగుకి మారింది. దాని గురించి ఇంట్లో ఇంకా మాటలు నడుస్తున్నాయి. యాంప్ మాత్రం బాగా పలికింది. విన్నవాళ్లంతా "నాకూ ఒకటి" అన్నారు.

చేత్తో రెండోది చేసే ఓపిక లేదు. ఫ్యాక్టరీని అడిగాను. ఐదు బోర్డులకి ఒక్కోటీ 400 దాటింది, నలభైకైతే వంద లోపే. బోర్డుల వ్యాపారంలో ఖర్చంతా మొదటి బోర్డులోనే ఉంటుంది. ఫిల్ములు, డ్రిల్లింగ్ ప్రోగ్రాం, ఆకుపచ్చ మాస్కు, మీద పేర్ల అచ్చు, ఇవన్నీ ఒకదానికైనా వందకైనా ఒకటే పని. పదిమంది కలిస్తే ఆ ఖర్చు పంచుకుపోతుంది.

కలపడం దగ్గరే ఉంది అసలు పని. చీటీ నడిపినవాళ్లకి చెప్పక్కర్లేదు. "నాకూ ఒకటి" అన్న పద్దెనిమిది మందిలో డబ్బు పంపినవాళ్లు పదకొండు. మిగతావాళ్లు జీతం రాగానే అన్నారు, ఏ నెల జీతమో చెప్పలేదు. పంపినవాళ్లు మాత్రం చాలామంది ఒకటికి మించే అడిగారు. సీపత్ ఎన్టీపీసీలో పనిచేసే మా వాడొకడు ఏకంగా ఎనిమిది అడిగాడు. వాడి వల్లే నలభై నిండింది. డబ్బు ముందు పుచ్చుకోకుండా ఫ్యాక్టరీకి మాటివ్వకూడదని నా పట్టుదల. దానికి ఇద్దరు అలిగారు. అలగనీ.

ఫైలు పంపేముందు అసలు సైజులో కాగితం మీద అచ్చు తీసి, అట్టకి అతికించి, ప్రతి చిల్లులోనూ నిజం వస్తువు కాళ్లు దూర్చి చూడాలి. అలాగే చూశాను. టీడీఏ అయిదు కాళ్లూ దిగాయి. కెపాసిటర్లు ఒకదానికొకటి తగల్లేదు. వాల్యూమ్ తిప్పే పాట్, అంటే పొటెన్షియోమీటర్, మూడు కాళ్లూ చక్కగా కూర్చున్నాయి. సరిగ్గా అక్కడే మోసపోయాను. పాట్‌కి ఒకటో కాలూ మూడో కాలూ ఒకేలా ఉంటాయి. ఎడమ కుడి అయినా దిగుతాయి. నేను వెనక నుంచి చూసి అంకెలు వేశాను. చేత్తో చేసిన మొదటి బోర్డులో పాట్ బయట తీగల మీద వేలాడింది కాబట్టి ఈ సంగతి బయటపడలేదు.

లియో ఫెండర్ పాత యాంప్‌లలో ఇలాంటి బోర్డే లేదు. ఫైబర్ పలక, దానికి ఇత్తడి కళ్లు, చేత్తో అతికిన తీగలు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ మనుషులు ఫెండర్ బాస్‌మన్‌ని చూసి తమ మొదటి యాంప్ కట్టిందీ చేత్తోనే. అక్కడ ఒక తీగ తప్పితే ఒక పెట్టె తప్పుతుంది. ఆస్ట్రియా నుంచి లండన్ చేరిన పాల్ ఐస్లర్ 1936 ప్రాంతంలో అచ్చు సర్క్యూట్‌తో రేడియో చేసి చూపిస్తే, ఆడపిల్లలు చేత్తో అతికితేనే చవక అని ఒక కంపెనీ తిరగ్గొట్టిందంటారు. ఆయన బుర్ర గొప్పదే. కాకపోతే ఆయన పద్ధతిలో అచ్చు, నేను గీసింది గీసినట్టు నలభై సార్లు ఒప్పజెప్పింది.

పైగా వాల్యూమ్‌కి పెట్టింది లాగ్ పాట్. చెవికి నచ్చేలా మొదట మెల్లగా, తర్వాత వేగంగా పెరగాలని. తిరగబడితే ముప్పావు వంతు తిప్పినా మోత పెద్దగా తగ్గదు, చివర్లో ఒక్కసారిగా ఆరిపోతుంది. టోన్ పాట్ కూడా అదే కాళ్ల వరస. బోర్డుకి రెండు పాట్‌లు, ఒక్కోదానికి రెండు చోట్ల రాగి గీత కొయ్యాలి. నలభై బోర్డులకి నూట అరవై కోతలు, అన్నే జంపర్ తీగలు. అందరికీ ఫోన్ చేసి తప్పు ఒప్పుకుని, బోర్డులు వెనక్కి పంపండి, నేనే కోసిస్తానన్నాను. మూడు బోర్డులు కోసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆదివారం రైల్వే కాలనీ నుంచి తన బోర్డు పట్టుకుని వచ్చినవాడి వెంట కొడుకు వచ్చాడు, పన్నెండో తరగతి. నేను బ్లేడుతో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి, పాట్ ఒకటి తీసుకుని వేళ్లతో బోర్డు కిందికి తిప్పి పెట్టాడు.

"తాతా, దీన్ని కింద నుంచి దూర్చు."

కాడ ముందుకే ఉంది. తిప్పే దిక్కు మారలేదు. కాళ్లు మాత్రం ఎడమవి కుడికి, కుడివి ఎడమకి. కోత లేదు, తీగ లేదు. బోర్డు కింద స్పేసర్లు అంగుళం పొడుగువి వేస్తే పెట్టె ముందరి చిల్లు కూడా పాత చోటే సరిపోతుంది. వాళ్ల నాన్న నన్ను చూశాడు. నేను బ్లేడు కింద పెట్టి టీ పెట్టించాను.

ముప్పై ఏడు బోర్డులు అలాగే నడుస్తున్నాయి. కోసిన మూడూ నా దగ్గరే ఉంచుకున్నాను. ఇప్పుడు రెండో ఆర్డర్‌కి పేర్లు వస్తున్నాయి. జీతం రాగానే అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఈసారి ఫైలు సరిచేశాను అని గర్వంగా చెబితే ఆ కుర్రాడికి నచ్చలేదు.

"పాట్ కిందే ఉండనీ తాతా. పైన ఖాళీ జాగాలో రివర్బ్ బోర్డు పడుతుంది."

ఫైలు మళ్లీ తెరిచాను. అట్ట, కాగితం బల్ల మీదున్నాయి. ఇంట్లో అడిగి తెచ్చిన ఎర్ర గోళ్లరంగుతో ప్రతి పాట్ ఒకటో కాలికీ చుక్క పెడుతున్నాను.